మన పేరుతో వచ్చే ఉత్తరం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే మా వయసువాళ్లం సాధారణంగా పాత రోజులే రాస్తాం. నీళ్ల చారు, ట్రంకు పెట్టెలు, తెల్లవారుజాము స్టడీ అవర్, రాత్రిపూట కోసిగి స్టేషన్ మీదుగా పోయే రైళ్ల చప్పుడు. ఈసారి అవి పక్కన పెట్టి, మన పూర్వ విద్యార్థుల సంఘం మెయిల్ సర్వర్‌కు మేము 2024లో చేసిన ఒక పని గురించి రాస్తున్నాం. మేమంటే ఐదుగురం. ఒకరు హైదరాబాదులో కంప్యూటర్ల పని చేస్తారు, ఒకరు ఎమ్మిగనూరులో టీచరు, ఒకరు ఆదోనిలో చిన్న ఉద్యోగి, ఇద్దరు బెంగళూరులో ఉంటారు. ఐదుగురిలో నలుగురికి ఈ విద్య ముందు రాదు. నేర్చుకున్నాం. కాబట్టి మీకూ అర్థమవుతుందనే ధైర్యంతో రాస్తున్నాం.

మన సంఘానికి సొంత డొమైన్ ఉంది, అంటే ఇంటర్నెట్‌లో ఒక సొంత పేరు. ఆ పేరు మీద చిన్న మెయిల్ సర్వర్ నడుస్తోంది. పాలిటెక్నిక్, నర్సింగ్, డిగ్రీ దరఖాస్తుల తేదీలు, పుస్తకాల సాయం, ఫీజు సాయం, ఇలాంటి ఉత్తరాలు దాని ద్వారానే పాత విద్యార్థులకు వెళ్తాయి. సుమారు నాలుగు వందల మంది ఉన్నారు. ఎక్కువమంది చిన్న ఉద్యోగాలు, కూలి పనులు, చిన్న అంగళ్లు చేసుకునేవాళ్లే. అయినా ఉత్తరం వస్తే ఎవరికి తోచింది వాళ్లు పంపుతారు.

2023 నవంబరులో ఆ నాలుగు వందల మందిలో చాలామందికి ఒక ఉత్తరం వచ్చింది. మన హాస్టల్‌లో చదివిన ఇంటర్ అమ్మాయికి అర్జంటుగా ఆపరేషన్ చేయాలి, ఈ నంబరుకు డబ్బు పంపండి అని దాని సారాంశం. పంపినవారి చోట ఉన్నది మన సంఘం చిరునామానే. అక్షరం కూడా తేడా లేదు. పదకొండు మంది డబ్బు పంపారు. అందులో కౌతాళం వైపు అంగన్‌వాడీలో పనిచేసే మన అక్క ఒకామె ఉంది. కొడుకు సైకిలు కోసం దాచుకున్న మూడు వేలు పంపింది.

ఆ ఉత్తరం మన సర్వర్ నుంచి వెళ్లలేదు. మన పాస్‌వర్డ్ ఎవరూ దొంగిలించలేదు. సర్వర్ చిట్టా అంతా వెతికాం, అలాంటి ఉత్తరం బయటికి పోయిన జాడే లేదు. ఎక్కడో కూర్చున్న ఎవడో కవరు మీద మన పేరు రాసి పోస్టు డబ్బాలో వేశాడు, అంతే. సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేశాం, ఫిర్యాదు రాయించాం. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

అసలు నష్టం డిసెంబరులో తెలిసింది. నర్సింగ్‌లో సీటు వచ్చిన ఒక చెల్లెలికి ఫీజు గడువు దగ్గర పడింది. అమ్మానాన్న సుగ్గికి పోయారు, గుంటూరు వైపు పత్తి తీతలో ఉన్నారు. మేము నిజమైన ఉత్తరం పంపాం. ఒక్కరూ జవాబివ్వలేదు. కొందరు చదివి వదిలేశారు, కొందరు చదవకుండానే తీసేశారు. వాళ్లను ఏమనగలం? చివరికి మూడు రాత్రులు ఒక్కొక్కరికీ ఫోన్లు చేసి, మా గొంతు వినిపించి, గడువు చివరి రోజున ఫీజు కట్టాం. దొంగ ఉత్తరం మూడు వేలు తీసుకుపోయిందని మొదట అనుకున్నాం. నిజమైన ఉత్తరానికున్న విలువ కూడా తీసుకుపోయిందని అప్పుడు అర్థమైంది.

ఇలా వేరేవాళ్ల పేరుతో ఉత్తరం పంపడం అంత సులువా అని మీరు అడగవచ్చు. సులువే. 1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు మొదటిసారి ఉత్తరం పంపినప్పుడు, ఆ వలలో ఉన్నవాళ్లు చాలా కొద్దిమంది. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎంటీపీ నియమాల మీదనే నేటికీ ఈ-మెయిల్ నడుస్తోంది. మధ్యలో మార్పులు చేర్పులు జరిగినా మూలం అదే. అందులో ఒక సర్వర్ ఇంకో సర్వర్ దగ్గరికి వెళ్లి 'ఫలానావారి దగ్గర నుంచి ఉత్తరం తెచ్చాను' అంటే, రెండోది తీసుకుంటుంది. నువ్వు నిజంగా ఆయన మనిషివేనా అని అడిగే మాట ఆ నియమాల్లో లేదు. నలుగురే ఉన్న ఊళ్లో తలుపులకు బీగాలు ఎందుకు?

ఈ సంగతి చదువుతున్నప్పుడు మాకు మన అవ్వాతాతలు గుర్తుకొచ్చారు. వాళ్ల పేరు వాళ్ల చేతిలో ఎన్నడూ లేదు. ప్రామిసరీ నోటు మీద ఏం రాసుందో తెలియకుండా వేలిముద్ర వేశారు. తీసుకున్నది ఐదు వందలైతే కాగితం మీద ఎంత ఉందో చదివి చెప్పే దిక్కు లేదు. మనియార్డరు వచ్చినా వేలిముద్ర పక్కన చదువొచ్చినవాడి సాక్షి సంతకం కావాల్సి వచ్చేది. తమ పేరుతో ఇతరులు ఏం రాసుకున్నారో తెలియక పొలం పోగొట్టుకున్న ఇళ్లు మన పల్లెల్లో ఉన్నాయి. మనల్ని హాస్టల్‌కు పంపింది అందుకే. మన పేరు మనమే రాసుకోవాలని, మన పేరుతో ఇంకొకరు రాస్తే పట్టుకోగలగాలని. కాబట్టి ఇది కంప్యూటర్లవాళ్ల గొడవ అని వదిలేయడానికి మాకు మనసొప్పలేదు.

పైగా 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కొత్త నిబంధనలు అమలు చేయడం మొదలుపెట్టాయి. జీమెయిల్‌కు ఉత్తరం పంపే ఏ సర్వర్ అయినా తాను ఎవరో ఏదో ఒక పద్ధతిలో రుజువు చూపాలి. రోజుకు ఐదు వేలకు మించి పంపేవాళ్లయితే మూడు పద్ధతులూ పాటించాలి. 2025 మే నుంచి మైక్రోసాఫ్ట్ కూడా అవుట్‌లుక్, హాట్‌మెయిల్ చిరునామాలకు పెద్ద ఎత్తున పంపేవాళ్లకు ఇదే నియమం పెట్టింది. మన ఉత్తరాలు ఐదు వేలు కాదు గదా ఐదు వందలు కూడా దాటవు. అయినా మూడూ పెట్టాలని తీర్మానించుకున్నాం. వాటి పేర్లు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. పేర్లు చూసి భయపడకండి. ఈ మూడూ మన హాస్టల్‌లో ఎప్పటి నుంచో ఉన్నవే.

మొదటిది ఎస్‌పీఎఫ్. హాస్టల్‌లో చేరిన రోజు వార్డెన్ సార్ ఒక రిజిస్టరు తెరిచి, పిల్లవాణ్ణి ఇంటికి తీసుకుపోవడానికి ఎవరెవరు రావచ్చో పేర్లు రాయించుకుంటారు. నాయన, అమ్మ, మామ. పండక్కి ఎవరైనా వచ్చి 'వాళ్ల నాయన పంపించాడు' అంటే రిజిస్టరు చూస్తారు. ఎస్‌పీఎఫ్ అదే. మా పేరుతో ఉత్తరం తెచ్చే హక్కు ఈ ఈ సర్వర్లకే ఉంది అని, ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే నోటీసు బోర్డు మీద ఒక లైను రాస్తాం. ఆ బోర్డు పేరు డీఎన్ఎస్. ఆ లైను చివర టిల్డా గుర్తు పెడితే 'వేరేవాళ్లు వస్తే అనుమానించండి' అని, మైనస్ గుర్తు పెడితే 'వేరేవాళ్లు మా మనుషులు కారు' అని అర్థం. ఈ పద్ధతి మొదట 2006లో, తర్వాత సవరించి 2014లో నియమంగా వెలువడింది.

దీనికి రెండు లోపాలున్నాయి. ఇది చూసేది కవరు మీది పేరునే. లోపల ఉత్తరం మీద, మనం ఫోన్‌లో చూసే చోట ఉన్న పేరును చూడదు. రెండోది, ఒకరికి వచ్చిన ఉత్తరం దారి మళ్లి ఇంకో సర్వర్ ద్వారా వెళ్తే, ఆ సర్వర్ పేరు మన రిజిస్టరులో ఉండదు. మామ రాలేక తన కొడుకును పంపినట్టు. నిజమైన మనిషే, పేరు మాత్రం లేదు.

రెండోది డీకిమ్. పదో తరగతి ప్రశ్నపత్రాల కట్ట మీద సీలు చూశారు కదా. సీలు చెదరలేదంటే కట్ట ఎవరి చేతుల మీదుగా వచ్చినా ఫరవాలేదు. డీకిమ్‌లో సర్వర్ ప్రతి ఉత్తరానికీ అలాంటి సీలు వేస్తుంది. ఇందుకు జంట బీగం చెవులు ఉంటాయి. ఒకటి మన సర్వర్‌లో రహస్యంగా ఉంటుంది, దానితో సీలు వేస్తాం. రెండోదాన్ని నోటీసు బోర్డు మీద అందరికీ కనిపించేలా పెడతాం, దానితో సీలు సరిచూడవచ్చు కానీ కొత్త సీలు వేయడం కుదరదు. దారిలో ఒక్క అంకె మార్చినా, మూడు వేలను ముప్పై వేలు చేసినా, సీలు పగిలినట్టు తెలిసిపోతుంది. యాహూ, సిస్కో కంపెనీలు విడివిడిగా తయారు చేసుకున్న రెండు పద్ధతులను కలిపితే ఇది పుట్టింది. 2007లో నియమంగా వచ్చింది.

బీగం చెవి చిన్నదైతే ఎంతటివాళ్లకైనా తిప్పలే. 2012లో జాకరీ హారిస్ అనే అమెరికా గణితజ్ఞుడి కథ బయటికి వచ్చింది. గూగుల్‌లో ఉద్యోగం గురించి ఆయనకు ఒక మెయిల్ వచ్చింది. నిజమా కాదా అని సీలు పరీక్షిస్తే, వాడిన బీగం చెవి 512 బిట్లదే అని తేలింది. అంత చిన్నది పెట్టారంటే ఇది తనకు పెట్టిన పరీక్షేమో అనుకొని, అద్దె కంప్యూటర్లతో దాన్ని ఛేదించి, గూగుల్ స్థాపకుల్లో ఒకరైన సెర్గీ బ్రిన్ పేరుతో రెండో స్థాపకుడు లారీ పేజ్‌కు ఉత్తరం పంపాడు. రెండు రోజుల్లో గూగుల్ తన బీగం చెవిని 2048 బిట్లకు మార్చింది. మేమూ 2048 బిట్లదే పెట్టాం. అది పొడుగైనది కాబట్టి నోటీసు బోర్డు మీద ఒక ముక్కలో పట్టదు. 255 అక్షరాలకు మించకుండా ముక్కలు చేసి రాయాలి. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి మాకు ఒక ఆదివారం పట్టింది. మీకు పట్టకూడదని ఇక్కడ రాస్తున్నాం.

మూడోది డీమార్క్. రిజిస్టరు ఉంది, సీలు ఉంది. రెండూ సరిపోకపోతే వాచ్‌మన్ ఏం చేయాలి? ఆ ఆదేశమే డీమార్క్. గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ, పేపాల్ వంటివి కలిసి 2012 జనవరిలో దీన్ని ప్రకటించాయి, 2015 మార్చిలో ఇది పత్రంగా అచ్చయింది. ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటైనా సరిపోవాలి, ఆ సరిపోయిన పేరు ఉత్తరంలో మనకు కనిపించే పేరుతో కలవాలి. కలవకపోతే మూడు ఆదేశాల్లో ఏదో ఒకటి ఇవ్వొచ్చు. ఒకటి, ఏమీ చేయకుండా మాకు కబురు మాత్రం చేయండి. రెండు, అనుమానం గదిలో, అంటే స్పామ్‌లో పెట్టండి. మూడు, గేటు దగ్గరి నుంచే తిప్పి పంపండి. అన్నిటికన్నా మేలు చేసేది ఆ కబురు. మీ పేరుతో ఫలానా చోట్ల నుంచి ఇన్ని ఉత్తరాలు వచ్చాయి, ఇన్ని నెగ్గాయి, ఇన్ని తప్పాయి అని పెద్ద మెయిల్ కంపెనీలు రోజూ లెక్క పంపుతాయి. ఆ లెక్కలో ఉత్తరాల్లోని మాటలు ఉండవు, అంకెలే ఉంటాయి.

ఇక పని. లైను రాయడానికి పది నిమిషాలు చాలు. ఆ లైనులో ఏం రాయాలో తెలుసుకోవడానికి మూడు వారాలు పట్టింది. మన పేరుతో ఉత్తరాలు పంపుతున్నది ఎవరెవరు అని ఐదుగురం కూర్చొని జాబితా వేశాం. మన సర్వర్ ఒకటి. చందా ఇచ్చినవాళ్లకు రసీదులు పంపే బయటి సర్వీసు ఒకటి. వార్షికోత్సవ ఆహ్వానాలు పంపడానికి ఒక అన్న వాడుతున్న ఇంకో సర్వీసు. అన్నీ లైనులో పెట్టేటప్పుడు ఇంకో నియమం తెలిసింది. ఉత్తరం అందుకునే సర్వర్ మన లైనును సరిచూడటానికి పదికి మించి డీఎన్ఎస్ విచారణలు చేయదు. బయటి సర్వీసులు ఎక్కువైతే ఆ పది ఇట్టే అయిపోతాయి. అందుకని ఆహ్వానాల సర్వీసు మానేసి, అవి కూడా మన సర్వర్ నుంచే పంపడం మొదలుపెట్టాం.

మాలో మాకు వాదన వచ్చింది డీమార్క్ దగ్గరే. బెంగళూరు మిత్రుడు మొదటి రోజు నుంచే గేటు మూసేద్దామన్నాడు. 'ఇంకో అక్క డబ్బు పోతే ఎవరు జవాబు చెప్తారు?' అన్నాడు. ఎమ్మిగనూరు టీచరమ్మ ఒప్పుకోలేదు. 'గేటు గట్టిగా మూస్తే మొదట ఇరుక్కునేది దొంగ కాదు, మనవాళ్లే. రిజిస్టరులో పేరు లేదని సొంత మేనమామను తిప్పి పంపితే, పండగ పూట పిల్లవాడు ఒక్కడే హాస్టల్‌లో ఉండిపోడా?' అంది. సుగ్గికి పోయిన ఇళ్ల పిల్లలం, ఆ మాట విన్నాక ఎవరం ఎదురు చెప్పలేదు. ముందు పేర్లన్నీ రాద్దాం, తర్వాతే గేటు మూద్దాం అని నిశ్చయించాం.

ఏప్రిల్ నుంచి 'కబురు మాత్రం చేయండి' అని పెట్టాం. రెండు నెలలు ప్రతి ఆదివారం లెక్కలు చదివాం. టీచరమ్మ చెప్పిందే నిజమైంది. రసీదుల సర్వీసు పంపేవి సీలు లేకుండా, కవరు మీద తమ సొంత పేరుతో పోతున్నాయి. గేటు మూసి ఉంటే చందా ఇచ్చిన ఒక్కరికీ రసీదు అందేది కాదు. వాళ్లకు మన పేరున వేరే బీగం చెవి పెట్టించాం. కాలేజీ చిరునామా నుంచి తమ సొంత జీమెయిల్‌కు ఉత్తరాలు మళ్లించుకున్న కొందరికి ఎస్‌పీఎఫ్ తప్పుతోంది కానీ, సీలు చెదరకపోవడంతో అవి నెగ్గుతున్నాయి. రెండు పద్ధతులూ ఎందుకు కావాలో అక్కడ కళ్లారా చూశాం. ఇక ఆ లెక్కల్లోనే, మేమెన్నడూ పేరు వినని సర్వర్ల నుంచి మన సంఘం పేరుతో వందల ఉత్తరాలు పోతున్నట్టు కూడా కనిపించింది.

జూన్‌లో 'అనుమానం గది' పెట్టాం. మనవాళ్ల ఉత్తరాలు ఒక్కటీ తప్పడం లేదని తేలాక, ఆగస్టులో 'తిప్పి పంపండి' అని రాశాం. ఆ తర్వాత కూడా దొంగ ఉత్తరాలు పంపేవాళ్లు కొన్ని వారాలు ప్రయత్నించారు. లెక్కల్లో తిప్పి పంపిన అంకెలు కనిపించేవి. నెమ్మదిగా అవి తగ్గిపోయాయి. మన నిజమైన ఉత్తరాలు స్పామ్‌లో పడటం కూడా చాలావరకు తగ్గింది.

దీనితో అంతా అయిపోయిందని మాత్రం అనుకోకండి. డీమార్క్ కాపాడేది మన డొమైన్ పేరును, అచ్చంగా ఆ అక్షరాలనే. ఒక అక్షరం అటూ ఇటూ మార్చి ఇంకో డొమైన్ కొనుక్కొని, దానికి ఈ మూడూ పెట్టుకున్నవాణ్ణి ఇది ఆపలేదు. పైన సంఘం పేరు పెట్టి కింద ఏదో చిరునామా నుంచి పంపేవాణ్ణీ ఆపలేదు. 'పేరు గొప్ప, ఊరు దిబ్బ' అన్నట్టు, పైపేరు చూసి నమ్మకుండా దాని కింది చిరునామా చదవాలి. ఫోన్ మెసేజీలకు, వాట్సాప్‌కు దీనితో సంబంధమే లేదు. సీలు నిజమని తేలితే ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది, పంపినవాడు మంచివాడని తెలియదు.

పెద్ద సంస్థలు కూడా ఈ పేరు కష్టం పడుతున్నవే. బ్యాంకుల పేరుతో మోసాలు పెరగడంతో రిజర్వు బ్యాంకు 2025లో మన దేశ బ్యాంకులన్నిటినీ 'బ్యాంక్ డాట్ ఇన్' అనే ప్రత్యేకమైన డొమైన్‌కు మారమంది. 2025 అక్టోబరు 31 వరకు గడువిచ్చింది. ఆ పేర్లు నమోదు చేసే బాధ్యత హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక సంస్థకే అప్పగించారు. ఎవరంటే వాళ్లు కొనుక్కునే పేరు కాదది. ఆదోనిలో ఖాతా ఉన్న మీ నాయనకు బ్యాంకు పేరుతో ఏదైనా ఉత్తరం వస్తే, ఆ చివరి అక్షరాలు చూడటం మీరే నేర్పించండి.

హాస్టల్‌లో ఇప్పుడున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు ఇంకో మాట. మీలో చాలామంది మొదటి ఈ-మెయిల్ నెట్ సెంటర్‌లో పుడుతుంది. దరఖాస్తు నింపే హడావుడిలో సెంటర్ అన్నే చిరునామా తయారు చేస్తాడు, పాస్‌వర్డ్ ఆయనే పెడతాడు, మరిచిపోతే తిరిగి తెచ్చుకునే చోట ఆయన ఫోన్ నంబరే ఉంటుంది. ఆయన మంచివాడే కావచ్చు. కానీ హాల్ టికెట్టు, సీటు కబురు, రేపు ఉద్యోగం పిలుపు, అన్నీ వచ్చే పేరు అది. దాని బీగం చెవి ఇంకొకరి జేబులో ఉండకూడదు. ఇంటికెళ్లాక పాస్‌వర్డ్ మార్చండి, మీ ఇంటి నంబరు పెట్టండి, నోటుబుక్కులో కాకుండా మనసులో రాసుకోండి.

అంగన్‌వాడీ అక్కకు మేము ఈ పనంతా అయ్యాక ఫోన్ చేసి చెప్పాం. రిజిస్టరు, సీలు, వాచ్‌మన్ అని చెప్పేసరికి ఆమెకు వెంటనే అర్థమైంది. 'ఇప్పుడు మీ ఉత్తరం వస్తే చదువుతాను. డబ్బు పంపే ముందు మాత్రం ఫోన్ చేసి గొంతు వింటాను' అంది. అదే సరైన పద్ధతి అని ఆమెతో అన్నాం, మీతోనూ అంటున్నాం. గత సంవత్సరం ఇద్దరు పిల్లల ఫీజు ఉత్తరానికి జవాబిచ్చిన మొదటి మనిషి ఆమె.

ఈ పని ఒకసారి చేసి మరిచిపోయేది కాదు. బీగం చెవులు అప్పుడప్పుడు మార్చాలి. కొత్త సర్వీసు ఏది వాడినా రిజిస్టరులో ఎక్కించాలి, వదిలేసినదాన్ని కొట్టేయాలి. వారానికోసారి లెక్క చదవాలి. ఇందుకు ఇంజనీరింగ్ చదివి ఉండాల్సిన అవసరం లేదు. ఓపిక, కాస్త ఇంగ్లీషు అక్షరాలు, ఆదివారం ఒక గంట చాలు. మా కళ్లకు అద్దాలు వచ్చేశాయి. ఇంటర్, డిగ్రీ చదువుతున్నవాళ్లలో ఇద్దరు ముందుకొస్తే వచ్చే వేసవి సెలవుల్లో కూర్చోబెట్టి నేర్పుతాం. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి అయితే మరీ మంచిది. పేర్లు వార్డెన్ సార్ దగ్గర ఇవ్వండి.